బొమ్మ ఎప్పుడు మారింది? కార్టూన్ పాత్రల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికన్ పత్రికల్లో వచ్చిన పీనట్స్ స్ట్రిప్పులు (వరస గడుల్లో గీసే కార్టూన్లు) మొదటినుంచీ వరసగా చదువుతున్నాను. 1950 నాటి స్నూపీ, 1970 నాటి స్నూపీ ఒకే కుక్కలా లేవు. వాటిని గీసిన చార్లెస్ షుల్జ్ ఏ ఏడాది బొమ్మ మార్చారు?
– ఒక పాఠకుడు, విజయనగరం

ఫలానా ఏడాది అని వేలు పెట్టి చూపించలేం. షుల్జ్ పనిగట్టుకుని బొమ్మ మార్చలేదు. స్నూపీ చేత కొత్త పనులు చేయించారు, ఆ పనులే బొమ్మను మార్చాయి. తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూడండి.

స్ట్రిప్ 1950 అక్టోబర్ 2న ఏడు పత్రికల్లో మొదలైంది. రెండు రోజులకే, అక్టోబర్ 4న, స్నూపీ వచ్చింది. అప్పుడది నాలుగు కాళ్ళ మీద నడిచే చిన్న కుక్కపిల్ల. మూతి పొట్టి, మెడ సన్నం. 1952లో దాని ఆలోచనలు బుడగల్లో కనిపించడం మొదలైంది. ఆలోచించే జంతువుకు ముఖంలో భావం పలకాలి. 1956లో వెనక కాళ్ళ మీద లేచి నడిచింది. ఆ క్షణం నుంచి ముందు కాళ్ళు చేతులయ్యాయి, ఒంటి బరువు మోయడానికి పాదాలు పెద్దవి కావలసి వచ్చింది. నాలుగు కాళ్ళ మీదున్నంతకాలం తెలుగులో 'అది' అనే అంటాం, లేచి నడిచాక 'వాడు' అనబుద్ధవుతుంది. బొమ్మలో వచ్చిన తేడా అంతా ఆ రెండు మాటల మధ్య ఉంది.

1958 డిసెంబర్ 12న స్నూపీ తన గూడు కప్పు మీద వెల్లకిలా పడుకున్నాడు. వాలు కప్పు కొసన ఒళ్ళు నిలవాలంటే వీపు ఒకే తిన్నని గీత కావాలి, పొట్ట పైకి గుండ్రంగా లేవాలి. 1965 అక్టోబర్ 10న తోలు టోపీ, కళ్ళద్దాలు పెట్టుకుని అదే కప్పును విమానం చేసుకున్నాడు. టోపీ కూర్చోవాలంటే తల గుండ్రంగా ఉండాలి, కూర్చుని నడపాలంటే నడుం వంగాలి. అలా పదిహేనేళ్ళలో నాలుగైదు పనులు కుక్కపిల్ల ఎముకల గూటినే మార్చేశాయి.

మారనివి కూడా చూడండి: నల్ల చెవి, వీపు మీద నల్ల మచ్చ, నల్ల ముక్కు. ఈ మూడు నల్ల గుర్తులు ఉన్న చోట ఉండబట్టే, మిగతా ఒళ్ళంతా మారినా చదివేవాళ్ళు ఒక్కరోజు కూడా తడబడలేదు.

స్నూపీ పడుకునే గూటి మీద కూడా ఒక్కసారి దృష్టి పెట్టండి. తొలి ఏళ్ళలో దాన్ని ఏటవాలు కోణంలో, రెండు పక్కలూ కనబడేలా గీశారు. స్నూపీ కప్పెక్కాక అది పక్కనుంచి మాత్రమే కనబడుతుంది. ఏటవాలుగా గీస్తే కప్పు కొన కత్తిలా తేలుతుంది, దాని మీద ఎవరైనా పడుకోగలరంటే నమ్మలేం. పక్కనుంచి గీస్తే ఆ కొన మామూలు గీత. ఒక పాత్ర మారితే దాని చుట్టూ ఉన్న వస్తువు ఏ కోణంలో కనబడాలో కూడా మారుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అలాగే 1961లో ఫ్రీడా అనే పాత్రకు ఫారన్ అనే పిల్లిని ఇచ్చారు. కొద్దికాలానికే పిల్లి మాయమైంది. పక్కన నిజమైన పిల్లి ఉంటే స్నూపీ మళ్ళీ ఉత్త కుక్క అయిపోతాడని షుల్జ్ గ్రహించారు.

ఆరేళ్ళుగా వారం వారం ఒకే పాత్రతో స్ట్రిప్ వేస్తున్నాను. మొదటి ఏడాది బొమ్మ పక్కన ఇప్పటిది పెడితే తల బాగా పెద్దదైంది, కాళ్ళు కురచయ్యాయి. నేను కావాలని చేసింది కాదు. ఎందుకిలా? ఎలా ఆపాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

మూడు కారణాలు ఉంటాయి. మీ విషయంలో ఏది ఎంతో కొలిచి తేల్చుకోవాలి.

మొదటిది, పోయిన వారం బొమ్మ చూసి ఈ వారం బొమ్మ గీయడం. నకలుకు నకలు తీసినట్టు, వారానికి వెంట్రుకవాసి తప్పు చేరుతుంది. తప్పులు అటూ ఇటూ పడితే ఒకదానికొకటి చెల్లిపోయేవి. కానీ చేతికి ఒక అలవాటుంటుంది, తప్పు ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది. అందుకే అది పోగుపడుతుంది.

రెండోది, ముఖంలో పని ఎక్కువ కావడం. కోపం, సిగ్గు, అనుమానం, అన్నీ కళ్ళలోనూ నోటిలోనూ చూపించాలి. వాటికి చోటు చాలక తల పెరుగుతుంది. ఇది తప్పు కాదు, పాత్ర ఎదగడమే. మిక్కీ మౌస్‌కు కూడా ఇదే జరిగింది. జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్ వేర్వేరు కాలాల మిక్కీ బొమ్మలను కొలిచి 1979లో రాశారు: తల పొడవులో కన్ను 27 శాతం నుంచి 42 శాతానికి, ఒంటి పొడవులో తల 42.7 నుంచి 48.1 శాతానికి పెరిగాయి. పసిపిల్లల ఒంటి కొలతల వైపు బొమ్మ నడిచిందని ఆయన తేల్చారు.

మూడోది తెలుగులో గీసేవాళ్ళకు ప్రత్యేకమైనది, చాలామంది గమనించనిది: అక్షరాలు. ఇంగ్లీషు పెద్దక్షరాలకు పైనా కిందా ఏమీ ఉండవు. అక్షరం ఎత్తు 4 మిల్లీమీటర్లయితే వరుసకూ వరుసకూ 6 సరిపోతుంది. తెలుగులో పైన గుడి, ఏత్వం, కింద వత్తులు. 'రాష్ట్రం' లాంటి మాటలో వత్తు కింద వత్తు. అదే 4 మిల్లీమీటర్ల అక్షరానికి వరుసకు 10 మిల్లీమీటర్లు వదలాలి. మూడు వరుసల మాటకు ఇంగ్లీషులో 18 పోతే మనకు 30 పోతుంది. బొమ్మ ముందు గీసి, మాట తర్వాత రాస్తే, మాటల బుడగ కిందికి దిగి పాత్రను నొక్కుతుంది. తల తగ్గించడానికి మనసొప్పదు కాబట్టి కాళ్ళు తగ్గిస్తారు. ఆరేళ్ళలో కాళ్ళు కురచవుతాయి. కాబట్టి మాట ముందు రాయండి. గడి ఎత్తు 120 మిల్లీమీటర్లుంటే పైన 40 అక్షరాలకు విడిచి, మిగిలిన 80లో పాత్ర నిలబడేలా మొదట్లోనే కొలత పెట్టుకోండి. నాలుగో వరుస వస్తే మాట తగ్గించండి, కాళ్ళు కాదు.

ఇక కొలవడం. ఏడాదికి ఒకటి చొప్పున, పాత్ర తిన్నగా నిలబడి ఉన్న ఆరు బొమ్మలు తీయండి. అన్నిటినీ ఒకే ఎత్తుకు తెచ్చి నకలు తీయండి. ప్రతి బొమ్మలో మూడే లెక్కలు: మొత్తం ఎత్తులో తల ఎంత శాతం, తల పొడవులో కన్ను ఎంత శాతం, నడుం కింద భాగం ఎంత శాతం. కాగితం మీద ఏడాదుల వరసలో రాయండి. తలా కన్నూ రెండూ కలిసి పెరిగితే అది ముఖం అడిగిన మార్పు, ఉంచుకోండి. తల పెరిగి కన్ను అలాగే ఉంటే చెయ్యి జారింది. కాళ్ళు ఒక్కటే తగ్గితే బుడగ తినేసింది.

ఇంకో పరీక్ష: కాగితాన్ని వెనక్కి తిప్పి వెలుతురుకు పట్టండి. కుడిచేతి వాళ్ళకు ఎడమ వైపు చూసే ముఖం సులువు, కుడి వైపు చూసే ముఖం కష్టం. తిప్పి చూసినప్పుడు ఒక కన్ను జారి, దవడ పక్కకు లాగినట్టు కనబడితే ఆ వైపు ముఖాన్నే రోజుకు పది చొప్పున నెల రోజులు గీయండి.

ఆపడానికి మందు మోడల్ షీట్, అంటే పాత్ర కొలతలన్నీ ఒకచోట గీసిపెట్టుకున్న కాగితం. ముందు, ముప్పావు (కాస్త పక్కకు తిరిగినది), పక్క, వెనక, నాలుగు నిలువు బొమ్మలు. ఆరు భావాలు. రెండు చేతులు, ఒకటి పిడికిలి, ఒకటి చాచినది. పక్కన ఇంకో పాత్రను నిలబెట్టి ఎత్తు తేడా. వీటన్నిటి గుండా తల కొలతతో అడ్డగీతలు. బల్ల ఎదుట గోడకు అంటించి, దాన్ని చూసే గీయండి, పోయిన వారం బొమ్మను కాదు. ఆరు నెలలకోసారి షీట్‌ను కొత్తగా గీయండి. మీకు నచ్చిన మార్పులు అందులో చేర్చండి, నచ్చనివి అక్కడే ఆగిపోతాయి. పాత షీట్ల మీద తేదీ వేసి దాచండి. పారేస్తే మళ్ళీ కొలవడానికి ఏమీ మిగలదు.

కొత్త పాత్ర తయారు చేస్తున్నాను. పదేళ్ళు నిలవాలంటే మొదట్లోనే ఏం చూసుకోవాలి?
– ఒక విద్యార్థి, తిరుపతి

అచ్చులో ఎంత చిన్నగా పడుతుందో ముందు తెలుసుకోండి. పీనట్స్‌ను సిండికేట్ (పత్రికలకు స్ట్రిప్పులు అమ్మే సంస్థ) అమ్మిందే చోటు మిగిల్చే స్ట్రిప్‌గా: సమానమైన నాలుగు గడులు, పత్రికవాళ్ళు వాటిని అడ్డంగా, నిలువుగా, చదరంగా ఎలాగైనా పేర్చుకోవచ్చు. అంత చిన్న గడిలో అక్కర్లేని గీత ఒక్కటి కూడా బతకదు. ఆ ఇరుకే షుల్జ్ గీతను పొదుపుగా చేసింది.

మీరు అచ్చు కొలతకు రెండింతలు గీయండి. 0.5 మిల్లీమీటరు గీత అచ్చులో 0.25 అవుతుంది. న్యూస్‌ప్రింట్ మీద అంతకంటే సన్నం చేయొద్దు. సన్న గీతలు పక్కపక్కన వేసి నీడ చూపిస్తే ఇంకు పాకి మసి మరక అవుతుంది. నీడ కావాల్సిన చోట పూర్తి నలుపు వేయడం మేలు. నల్ల ముద్ద ఒకటి, మహా అయితే రెండు చాలు. అవి ఎక్కడున్నాయన్నదే పాత్రకు గుర్తు. పీనట్స్‌లో ముఖ్య పాత్ర అయిన పిల్లాడు చార్లీ బ్రౌన్ మొదట తెల్ల చొక్కాతో వచ్చాడు. అడ్డదిడ్డపు నల్ల పట్టీ 1950 డిసెంబర్ 21న చేరింది, స్ట్రిప్ మొదలై మూడు నెలలు కూడా కాకముందే. గుండ్రటి తెల్ల తల, కింద తెల్ల చొక్కా ఉంటే కన్ను ఎక్కడ ఆగాలో తెలియదు. పట్టీ పడ్డాక గడిలో ఏ మూలన ఉన్నా వాడు దొరుకుతాడు.

తర్వాత నీడ పరీక్ష. బొమ్మను పూర్తిగా నల్లగా నింపి, 2 సెంటీమీటర్ల ఎత్తుకు తగ్గించి, పాత్రను ఎరిగిన ఒకరికి చూపించండి. పేరు చెప్పగలిగితే బయటి గీత గట్టిది. చెప్పలేకపోతే జుట్టు, చెవి, టోపీ, పొట్ట, వీటిలో ఒక్కటి మార్చి మళ్ళీ చూడండి. అన్నీ ఒకేసారి మార్చొద్దు. దేనివల్ల దొరికిందో తెలియదు.

చివరగా చేతులు. చెయ్యి తల మీదికి అందుతుందా? పీనట్స్ పిల్లల తలలు అంత పెద్దవి, చేతులు అంత పొట్టివి కాబట్టి అందవు. షుల్జ్ అటువంటి భంగిమలు తప్పించుకుంటూ వచ్చారు. మీ పాత్ర తల గోక్కోవాలా, ఫోన్ చెవికి పెట్టుకోవాలా, గొడుగు పట్టుకోవాలా? ఆ పనులన్నీ ముందే ఒకసారి గీసి చూడండి. పదో వారంలో తెలిస్తే రాత్రికి రాత్రి చేతులు సాగదీయాల్సి వస్తుంది.

ఆర్.కె. లక్ష్మణ్ కామన్ మ్యాన్ దశాబ్దాలు దాటినా దాదాపు అలాగే ఉన్నాడు. మీ లెక్క ప్రకారం అతనూ మారాలి కదా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

అతనికి కొత్త పనులు చెప్పలేదు, అందుకే మారలేదు. టైమ్స్ ఆఫ్ ఇండియాలో 1951లో ఆ చిన్న కార్టూన్ మొదలైంది. లక్ష్మణ్ మొదట్లో జనాన్ని చూపించడానికి బెంగాలీ, తమిళుడు, పంజాబీ అంటూ ఎందరినో గీసేవారు. రోజూ గడువులోపల అంతమందిని గీయడం కుదరక ఒక్కొక్కరినీ తగ్గించుకుంటూ వచ్చారు. చివరికి మిగిలినవాడు ధోవతి, గళ్ళ కోటు, బట్టతల, కళ్ళజోడు, గుబురు మీసం ఉన్న పెద్దాయన. అంటే మార్పంతా పాత్ర స్థిరపడక ముందే జరిగిపోయింది.

స్థిరపడ్డాక అతని పని ఒక్కటే: చూడటం. మాట్లాడడు, కాబట్టి నోరు మీసం కింద దాగిపోయినా ఇబ్బంది లేదు. పరిగెత్తడు, ఎగరడు, కాబట్టి ఒళ్ళు కొత్తగా వంగనవసరం లేదు. భావమంతా కనుబొమల్లో. కోటు గళ్ళు కిక్కిరిసిన బొమ్మలో కూడా అతన్ని పట్టిస్తాయి. ధోవతి, కోటు ఏ దశాబ్దపు ఫ్యాషనూ కావు, పాతబడవు. చుట్టూ మంత్రులు, కార్లు, ఫోన్లు మారుతూ పోయాయి. అవి మారాయని తెలియాలంటే మధ్యలో ఒక మనిషి మారకుండా నిలబడాలి. బయటి గీత అంత ఖాయం కాబట్టే పుణేలో కంచు విగ్రహంగా నిలబెట్టినా చూసిన వెంటనే గుర్తుపడతాం. మీరు సాక్షి పాత్రను గీస్తుంటే లక్ష్మణ్‌ను చూడండి, పనులు చేసే పాత్రను గీస్తుంటే షుల్జ్‌ను చూడండి.

నా పాత్రకు కళ్ళు ఉత్త చుక్కలు. ఇప్పుడు తెల్లగుడ్డు, నల్లగుడ్డు ఉన్న కళ్ళు పెట్టాలనుంది. ఒకేసారి మార్చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

కళ్ళు మార్చడం అన్నిటికంటే పెద్ద మార్పు. అడుగుతున్నారంటే అవసరం వచ్చిందనే అర్థం. చుక్క కన్ను పక్కకు చూడలేదు, తల తిప్పాల్సిందే. గుడ్డు ఉన్న కన్ను తల కదపకుండా ఓరగా చూడగలదు. మిక్కీ మౌస్ 1928 నవంబర్ 18న తెర మీదికి వచ్చినప్పుడు చేతులకు తొడుగులు కూడా లేవు. నల్ల చెయ్యి నల్ల ఒంటి ముందుకు వస్తే కలిసిపోయేది. 1929లో తెల్ల తొడుగులు వచ్చాయి. 1939 నాటికి డిస్నీ యానిమేటర్ ఫ్రెడ్ మూర్ చేతిలో ఒళ్ళు బేరిపండులా మెత్తబడింది, కళ్ళలో గుడ్లు చేరాయి. తొడుగులకూ గుడ్లకూ మధ్య పదేళ్ళు. చెవులు మాత్రం తల ఎటు తిరిగినా రెండు గుండ్రాలే.

మీరు పదేళ్ళు ఆగనక్కర్లేదు. మార్పుకూ మార్పుకూ నాలుగు నుంచి ఆరు వారాల ఎడం ఇవ్వండి. ముందు ఎవరూ పట్టించుకోని చేతులు, చెప్పులు. తర్వాత చుక్కను కొద్దిగా నిలువుగా, కోడిగుడ్డు ఆకారంలోకి సాగదీయండి. ఆ తర్వాతే చుట్టూ తెలుపు. నడుస్తున్న కథ మధ్యలో చేయొద్దు, ఒక కథ అయిపోయి ఇంకోటి మొదలయ్యే వారం మంచిది. ఆ వారం ఇంకే పాత్రనూ ముట్టుకోవద్దు. జుట్టు, బట్టలు, కళ్ళు కలిపి మారిస్తే, పాత పాత్ర ఊరొదిలి కొత్తవాడు అద్దెకు దిగినట్టు ఉంటుంది. వెనక్కి తగ్గడానికీ సిద్ధంగా ఉండండి. షుల్జ్ పీనట్స్‌లోకి లూసీ అనే పాత్రను 1952 మార్చిలో పసిపాపగా తెచ్చినప్పుడు కళ్ళ చుట్టూ పూర్తి వలయాలు గీశారు. తర్వాత వాటిని తీసేసి కంటికి పక్కన చిన్న వంపు గీతలు మాత్రం ఉంచారు. ముఖం తేటపడింది.

కార్టూన్ పాత్రల వయసు పెరగాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

రెండు దార్లూ ఉన్నాయి. గ్యాసొలిన్ ఆలీ అనే అమెరికన్ స్ట్రిప్‌లో 1921 ఫిబ్రవరి 14న గుమ్మంలో దొరికిన పసివాడు స్కీజిక్స్ నిజకాలంతోపాటు పెరిగి పెద్దవాడయ్యాడు. పీనట్స్‌లో ష్రోడర్, లూసీ, లైనస్ పసివాళ్ళుగా వచ్చి, కొన్నేళ్ళలో చార్లీ బ్రౌన్ ఈడుకు దగ్గరయ్యారు, అక్కడ ఆగిపోయారు. పెంచదలిస్తే ఏడాదికో మోడల్ షీట్ తప్పదు. తల కొలతతో చెప్పాలంటే పసివాడు నాలుగు తలల ఎత్తు, పదేళ్ళవాడు సుమారు ఆరున్నర, పెద్దవాడు ఏడున్నర. ఇవి నిజమైన ఒంటి లెక్కలు. కార్టూన్‌లో సగానికి తగ్గించుకున్నా వాటి మధ్య తేడా మాత్రం చెడకూడదు.

కాగితం వదిలి ట్యాబ్లెట్ మీదికి మారాక నా గీతలో ప్రాణం పోయిందని సంపాదకుడు అన్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

అయ్యుండొచ్చు. మొదట గీతను నున్నగా చేసే స్టెబిలైజర్ చూడండి. ఎక్కువ పెట్టారంటే మీ చేతి వంపులన్నీ ఒకే రకం వంపులవుతాయి. సగానికి తగ్గించండి. రెండోది, పెద్దది చేసి గీయడం. మూడింతలు పెంచి కనురెప్పలు గీస్తే అచ్చులో అవి కనిపించవు, ఆ శ్రమంతా వృథా. ఒకే పెంపు దగ్గర ఆగి గీయండి. మూడోది, బ్రష్ మందం వారానికో రకంగా ఉండటం. కాగితం మీద పాళీయే మిమ్మల్ని కట్టిపడేసేది. షుల్జ్ ఎస్టర్‌బ్రూక్ 914 అనే ఒకే రకం పాళీకి అలవాటుపడి, ఆ కంపెనీ మూతపడుతుంటే మిగిలిన పాళీలన్నీ కొనిపెట్టుకున్నారు. మీరూ ఒక బ్రష్, ఒక మందం ఖాయం చేసుకుని ఆరు నెలలు మార్చకండి.

ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యం: పాత తలను కత్తిరించి కొత్త గడిలో అతికించొద్దు. పని త్వరగా అవుతుంది నిజమే. కానీ రోజూ గీస్తేనే చెయ్యి ఏ గీత అక్కర్లేదో కనిపెడుతుంది. అతికించిన తల ఆ రోజు నుంచి ఎదగదు, దాని పక్కన చేత్తో గీసిన ఒళ్ళు ఎదుగుతుంది. ఏడాదికల్లా రెండూ అతకవు.

మా నాన్నగారు పాతికేళ్ళుగా కార్టూన్లు వేస్తున్నారు. రెండేళ్ళుగా చెయ్యి వణుకుతోంది. గీత పాడైందని బాధపడి మానేస్తానంటున్నారు. ఏమైనా చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

ముందు నరాల వైద్యుడికి చూపించండి. వణుకుల్లో రకాలున్నాయి, కొన్నిటికి మందులు బాగా పనిచేస్తాయి. టీ, కాఫీ తాగిన వెంటనే చాలామందికి వణుకు పెరుగుతుంది, కాబట్టి ఇంకు పనిని ఆ సమయానికి పెట్టొద్దనండి.

షుల్జ్‌కు 1981లో గుండె ఆపరేషన్ అయ్యాక చెయ్యి వణకడం మొదలైంది. సహాయకులను పెట్టుకోలేదు. 1980ల, 90ల స్ట్రిప్పుల్లో గీత అలలు అలలుగా కనిపిస్తుంది. అయినా రోజువారీ స్ట్రిప్ 2000 జనవరి 3 వరకూ, ఆదివారం స్ట్రిప్ ఫిబ్రవరి 13 వరకూ వచ్చాయి. ఆ చివరి ఆదివారానికి ముందురోజే ఆయన కన్నుమూశారు. ఆ కాలపు చార్లీ బ్రౌన్‌ను ఎవరూ గుర్తుపట్టకుండా పోలేదు. అలల గీతలో కూడా పట్టీ ఉన్న చోటే ఉంది, తల గుండ్రం గుండ్రంగానే ఉంది.

మీ నాన్నగారికి పనికొచ్చే చిట్కాల్లో మొదటిది కాగితం పెద్దది చేయడం. వణుకు పరిమాణం కాగితంతోపాటు పెరగదు. ఒక మిల్లీమీటరు వణుకు, రెండింతలు గీసిన బొమ్మలో అచ్చయ్యేటప్పటికి అర మిల్లీమీటరు అవుతుంది. మూడింతలు గీస్తే మూడో వంతుకు దిగుతుంది. బల్లను 20 నుంచి 30 డిగ్రీలు వాల్చి, మోచేయి దాకా బల్ల మీద ఆనించమనండి. కలం లావుగా ఉండాలి. సన్నది బిగించి పట్టుకోవాల్సి వస్తుంది, బిగిస్తే వణుకు ఇంకా ఎక్కువవుతుంది. పొడుగు గీతను నెమ్మదిగా లాగితే వణుకంతా అందులో పడుతుంది. దాన్ని రెండు మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను త్వరగా లాగి, మధ్యలో వెంట్రుకవాసి ఎడం వదలమనండి. అచ్చులో ఆ ఎడం కనిపించదు. వణికిన గీత మీద మళ్ళీ గీసి సరిచేయొద్దు, రెండు వణుకులు కలిసి మందమైన మరక అవుతుంది. అక్షరాలు కష్టమైతే అవి మీరు రాసిపెట్టండి, బొమ్మ ఆయన్నే వేయనివ్వండి.